రెండు గంటల హాస్య కార్యక్రమం సొంతంగా పెట్టాలంటే ఎలా?

వినాయక చవితి దగ్గర పడినా, కాలేజీల్లో వార్షికోత్సవాలు మొదలైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా కాలనీలో కామెడీ ప్రోగ్రాం పెడదామనుకుంటున్నాం. మిమిక్రీ ఉంది, మ్యాజిక్ ఉంది, మా పిల్లలు రెండు స్కిట్లు వేస్తామంటున్నారు. ఎలా నడపాలి?" అడిగేవాళ్లకి కళాకారులు ఎప్పుడో దొరికి ఉంటారు. హాలుకి అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటారు. ఇవన్నీ కలిపి ఒక కార్యక్రమంగా కూర్చడం దగ్గరే ఆగిపోతారు.

విడిగా చూస్తే బాగున్న ఐటమ్‌లే ఒకచోట పెడితే తేలిపోతుంటాయి. ఎనిమిది కాకుండానే జనం లేచి వెళ్లిపోతుంటారు. తప్పు జోకులదే అనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు కారణాలు మూడు: ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య ఖాళీగా పోయే నాలుగైదు నిమిషాలు, వెనక వరసకి వినపడని మాట, మధ్యలో అంతు లేకుండా సాగే సన్మానాలు. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే. వీటిని సరిచేసుకుంటే మామూలు కళాకారులతో కూడా సభ కడుపుబ్బ నవ్వుతుంది. అందుకే ఇక్కడ జోకులు రాయడం గురించి తక్కువ, కార్యక్రమం నడపడం గురించి ఎక్కువ చెబుతాను.

ఇది 200 నుంచి 400 మంది పట్టే కల్యాణమండపానికో, కాలేజీ సెమినార్ హాలుకో, కాలనీ కమ్యూనిటీ హాలుకో సరిపోయే పద్ధతి. ఆరుబయట వినాయక మంటపం దగ్గర చేసేవాళ్లకి తేడాలు ఎక్కడికక్కడ చెప్పాను.

కావలసినవి

మనుషులు:
- డబ్బు, హాలు, అనుమతులు చూసుకునే నిర్వాహకుడు ఒకరు.
- స్టేజీ పక్కన వింగ్‌లో నిలబడి ఎవరు ఎప్పుడు ఎక్కాలో చెప్పే మనిషి ఒకరు. ఈయనకి స్టేజీ మీద ఇంకే పనీ ఉండకూడదు. దాదాపు అందరూ ఈ మనిషిని పెట్టుకోకుండా వదిలేస్తారు. కార్యక్రమం చెడేది ఇక్కడే.
- యాంకర్ ఒకరు. ఇద్దరు వద్దు. ఇద్దరుంటే ఒకరి మాట మీద ఒకరు పడతారు, సమయం రెట్టింపవుతుంది.
- కళాకారులు ఐదారు బృందాలు.
- బల్లలు, కుర్చీలు, మైకు స్టాండులు మార్చడానికి చురుకైన కుర్రాళ్లు ఇద్దరు.

వస్తువులు:
- వైరు మైకులు రెండు, కార్డ్‌లెస్ మైకులు రెండు, స్టాండులు రెండు, కొత్త బ్యాటరీలు.
- రంగు టేపు, టార్చి లైటు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, గుడ్డ కప్పిన చిన్న బల్ల.
- కార్యక్రమం వరస పెద్ద అక్షరాలతో ప్రింటు తీసిన కాగితాలు ఆరు. యాంకర్‌కి, సౌండ్ ఆపరేటర్‌కి, వింగ్ మనిషికి, నిర్వాహకుడికి ఒక్కొక్కటి. రెండు గ్రీన్‌రూమ్ గోడకి అంటించాలి.
- జనరేటర్. హాలులో ఉంది అంటే నమ్మి ఊరుకోకండి, ఒకసారి వేయించి చూడండి.

అనుమతుల సంగతి: ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెడితే ముందుగా పోలీసుల అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వచ్చు గానీ, దాన్ని లెక్కలో వేసుకుని ప్లాన్ చేయొద్దు. ఎంత ఆలస్యమైనా తొమ్మిదిన్నరకి ముగించేలా చూసుకోండి. సినిమా పాటల రికార్డులు వేసేట్టుంటే పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్సు మీ కార్యక్రమానికి అవసరమా అని ముందే కనుక్కోండి. కార్యక్రమం రోజు సాయంత్రం ఈ మాట వస్తే చాలా టెన్షన్.

1. ఎవరు చూస్తారో, ఎంతసేపో తేల్చుకోండి

కాలేజీ కుర్రాళ్లకి నచ్చేది కాలనీ పెద్దవాళ్లకి నచ్చదు. కాలనీ అయితే ముందు వరసలో పిల్లలు, మధ్యలో ఆడవాళ్లు, వెనక మగవాళ్లు ఉంటారనుకుని ఐటమ్‌లు ఎంచుకోండి. ముగ్గురిలో ఒక్కరికీ పట్టని ఐటమ్ ఎంత గొప్పదైనా తీసేయండి. విదేశాల్లో తెలుగు సంఘాల సభలకి చేస్తుంటే ఇంకో మాట: అక్కడి పిల్లలకి మాటల మెలికలు అందవు. మ్యాజిక్, మాట్లాడే బొమ్మ (కళాకారుడు పెదాలు కదపకుండా చేతిలో బొమ్మే మాట్లాడుతున్నట్టు చేసే వెంట్రిలాక్విజం), అభినయం ఎక్కువున్న స్కిట్ ముందుకి తెచ్చుకోండి.

మొత్తం రెండు గంటలు. ఇంటర్వెల్ వద్దు. ఉచిత ప్రవేశం ఉన్నచోట ఇంటర్వెల్ ఇస్తే బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది ఇంటికే వెళతారు. ఆరున్నరకి మొదలుపెడితే ఎనిమిదిన్నర దాటి ఐదు నిమిషాలకి అయిపోవాలి. భోజనాల వేళ దాటితే నవ్వు రాదు.

2. ఐటమ్‌లు ఎంచుకోండి

ఒకే రకం రెండు పక్కపక్కన ఉండకూడదు. చెవికి ఒకటి, కంటికి ఒకటి, పాట ఒకటి, కథ ఒకటి ఇలా కలవాలి. ఒక్కోదానికి ఏం కావాలో చూసుకోండి.

మిమిక్రీ: మన జనం దగ్గర ఇది ఎప్పుడూ గురి తప్పని ఐటమ్. వరంగల్‌కి చెందిన నేరెళ్ల వేణుమాధవ్ ధ్వని అనుకరణని ఒక పూర్తి స్థాయి కళగా నిలబెట్టి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో మిమిక్రీ చేసేవాళ్లు దొరుకుతారు. పిలిచే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఆ రోజు మీకు ఇంకో ప్రోగ్రాం ఉందా?" సీజన్‌లో ఒకే సాయంత్రం రెండు చోట్ల ఒప్పుకునేవాళ్లుంటారు. ఉంటే దాచకుండా చెప్పమనండి. దాన్నిబట్టి మీ వరస మార్చుకోవచ్చు.

మ్యాజిక్: పక్కల నుంచి, వెనక నుంచి ఎవరూ చూడకూడదు. స్టేజీకి రెండు పక్కలా తెరలు లేకపోతే పెద్ద ఐటమ్‌లు ఒప్పుకోకండి, చేతి మ్యాజిక్ చాలు. షామియానా కింద మంట వాడే ఐటమ్ అసలు వద్దు.

మాట్లాడే బొమ్మ: పదిహేనో వరస దాటితే బొమ్మ నోరు కనపడదు. 200 మంది హాలుకి బాగుంటుంది, మైదానానికి బాగుండదు.

పిట్టలదొర: చిరిగిన ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ పెట్టుకుని గొప్పలు కోసే వేషం. తుపాకి రాముడు, లత్కోరు సాబు అని కూడా అంటారు. తెలంగాణలో ఈ వేషం కట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లని పిలవండి. స్టేజీ అక్కర్లేదు, సామాను అక్కర్లేదు, జనం మధ్యలోంచి నడిచొస్తే చాలు. ఇంత హాయిగా ఎక్కడైనా ఇమిడే ఐటమ్ ఇంకోటి లేదు.

స్కిట్: ముగ్గురు నలుగురు మనుషులు, పది పన్నెండు నిమిషాలు. ఐదో మనిషి వస్తే మైకులు చాలవు.

స్టాండప్: కుర్రాళ్లు ఎక్కువున్నచోట బాగుంటుంది. ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లని కాలనీకి పిలిస్తే సగం హాలు బిక్కమొహం వేస్తుంది.

ఎవరినైనా సరే, ఒప్పుకునే ముందు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చేయించి చూడండి. ఫోన్‌లో పంపే వీడియోలో నవ్వులు ఎడిటింగ్‌లో కలిపినవి కావచ్చు.

3. మాటల్ని ముందే వడకట్టండి

స్కిట్ రాసిన కాగితం వారం ముందే తీసుకుని చదవండి. కులం, ఒంటి రంగు, లావు, నత్తి, అంగవైకల్యం మీద జోకులుంటే తీసేయించండి. మగవాడు చీర కట్టుకోవడం ఒక్కటే కామెడీ అనుకుని రాసిన స్కిట్లు చాలా వస్తాయి. చీర తీసేసి చదివితే అందులో ఒక్క జోకూ మిగలదు. వాటిని వెనక్కి పంపేయండి.

యాస విషయంలో జాగ్రత్త. శ్రీకాకుళం మాటైనా, రాయలసీమ మాటైనా, తెలంగాణ మాటైనా ఆ ప్రాంతం మనిషి చేత పలికిస్తే అందం. వేరేవాళ్లు వెక్కిరింపుగా పలికితే హాలులో ఉన్న ఆ ప్రాంతం వాళ్లు నొచ్చుకుంటారు. పరీక్ష చాలా తేలిక: ఈ జోకు ఎవరి మీదో ఆ మనిషి మొదటి వరసలో కూర్చుంటే చెప్పగలమా? చెప్పలేకపోతే వద్దు.

టీవీలో, యూట్యూబ్‌లో వచ్చిన స్కిట్‌ని ఎత్తుకొచ్చి వేయకండి. ఇది ఒకరి పనిని దోచుకోవడం. పైగా 2013 నుంచీ టీవీలో వారం వారం స్కిట్లు చూసిన జనానికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. మీ ఊరి నీళ్ల ట్యాంకరు, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు, మీ కాలేజీ అటెండెన్సు మీద రాసుకున్నది కొంచెం అటూఇటూగా ఉన్నా ఎక్కువ నవ్వు వస్తుంది.

4. వరస వేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. కిందిది ఒక నమూనా. ఆరున్నరకి మొదలు.

- యాంకర్ పలకరింపు: 5 నిమిషాలు
- మిమిక్రీ, మొదటి భాగం: 10
- స్కిట్ ఒకటి: 10
- సభ, సన్మానం: 15
- పేరడీ పాట: 5
- మ్యాజిక్: 15
- పిట్టలదొర: 10
- మాట్లాడే బొమ్మ: 12
- స్కిట్ రెండు: 12
- మిమిక్రీ, అసలు భాగం: 20

మొత్తం 114 నిమిషాలు. మధ్య మార్పులకి నిమిషం చొప్పున తొమ్మిది నిమిషాలు. రెండు గంటల మూడు నిమిషాలకి అయిపోతుంది.

ఇందులో ప్రతిదానికీ కారణముంది. మొదటి ఐటమ్ పది నిమిషాల్లో సభని నవ్వుకి అలవాటు చేయాలి. అందుకే నమ్మకమైన మిమిక్రీ. అదే కళాకారుణ్ణి రెండు ముక్కలుగా వాడుకోవడం వల్ల ఆయన కోసం జనం చివరిదాకా కూర్చుంటారు. సభ అయ్యాక హాలు చల్లబడి ఉంటుంది. అప్పుడు మాటల ఐటమ్ పెడితే మునుగుతుంది. గట్టిగా పాట పడాలి. మ్యాజిక్ సామాను సభ జరుగుతున్నప్పుడే తెర వెనక సర్దేయొచ్చు. మ్యాజిక్ అయ్యాక స్టేజీ నిండా కాగితం ముక్కలు, గుడ్డలు ఉంటాయి. అవి ఊడ్చి బొమ్మకి కుర్చీ, మైకు పెట్టాలంటే ఐదారు నిమిషాలు. పిట్టలదొర హాలు వెనక తలుపులోంచి వస్తాడు కాబట్టి జనమంతా అటు తిరుగుతారు. ఈలోపు మీ కుర్రాళ్లు స్టేజీ మార్చేస్తారు.

ఈ కిటుకు పాతదే. తోలుబొమ్మలాటలో రామాయణం, భారతం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించి వెళ్లేవాళ్లు. రాత్రంతా సాగే ఆటలో జనం నిద్రపోకుండా, వెనక బొమ్మలు మార్చుకునే వీలు కలిగేలా ఆ పాత్రలు పనిచేశాయి. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత కూడా కథ బరువెక్కినచోట తేలిక చేస్తాడు. మీ కార్యక్రమంలో ఆ పని యాంకర్‌ది, పిట్టలదొరది.

తరచుగా చేసే తప్పులు: అన్నిటికంటే బాగున్నది మొదట వేసేయడం, రెండు స్కిట్లు పక్కపక్కన పెట్టడం, ఎవరి పిల్లలో డ్యాన్స్ చేస్తామంటే కాదనలేక మధ్యలో దూర్చడం. డ్యాన్సులు ఉంటే ఆరింటికే వేసేయండి, జనం వచ్చి కూర్చునేలోపు అయిపోతాయి, పిల్లలూ సంతోషిస్తారు.

కళాకారులు ఇద్దరే ఉంటే? గంటకి కుదించండి. యాంకర్ పలకరింపు, స్కిట్, జనంతో చిన్న ఆట, మిమిక్రీ. రెండు గంటలకి సాగదీయొద్దు.

5. సభని అదుపులో పెట్టండి

దాతల్ని, పెద్దల్ని గౌరవించాలి. అందులో సందేహం లేదు. కానీ జ్యోతి ప్రజ్వలన, ఆహ్వానం, అధ్యక్షుడి మాట, ముఖ్య అతిథి మాట, శాలువాలు అన్నీ మొదటే పెడితే గంట పోతుంది. రెండు ఐటమ్‌ల తర్వాత పెట్టండి. అప్పటికి హాలు నిండి ఉంటుంది. అతిథికీ నిండు సభ ఎదుట మాట్లాడిన తృప్తి ఉంటుంది. ఈ మాటే అతిథికి ఫోన్లో ముందుగా చెప్పండి, ఒప్పుకుంటారు. "సార్, మీకు మూడు నిమిషాలు పెట్టుకున్నాం" అని కూడా అప్పుడే చెప్పాలి. స్టేజీ ఎక్కాక చెప్పడం మర్యాద కాదు.

స్టేజీ మీద కుర్చీలు వేయకండి. కుర్చీ వేస్తే కూర్చుంటారు, కూర్చుంటే ఆలస్యం. నిలబడే శాలువాలు కప్పించి, ఫోటో ఒకే ఒకటి, అందరితో కలిపి.

ముందు వరస సోఫాల గురించి కూడా ఆలోచించండి. సన్మానం అవగానే అతిథులు వెళ్లిపోతారు, ముందంతా ఖాళీ సోఫాలు మిగులుతాయి. ఖాళీ సోఫాల మీదుగా జోకు వెనక్కి చేరడం చాలా కష్టం. సోఫాల్ని ఒక పక్కకి వేయించండి. లేదా అతిథులు లేవగానే యాంకర్ చేత పెద్దవాళ్లని, పిల్లల్ని పిలిపించి అక్కడ కూర్చోబెట్టండి.

6. యాంకర్‌ని తయారు చేయండి

యాంకర్ దగ్గర ప్రతి సందుకీ, అంటే ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య వచ్చే ఖాళీకి, మూడు సైజుల మాటలు సిద్ధంగా ఉండాలి: ఇరవై సెకన్లది, నిమిషంది, మూడు నిమిషాలది. వింగ్‌లో మనిషి ఒక వేలు చూపిస్తే చిన్నది, మూడు వేళ్లు చూపిస్తే పెద్దది. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే "ఇప్పుడు... ఆ... తర్వాత కార్యక్రమం... ఒక్క నిమిషం" అనే మాట వినపడదు.

పరిచయంలో పొగడ్త వద్దు. "పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే హాస్య చక్రవర్తి వస్తున్నారు" అంటే జనం చేతులు కట్టుకుని, నవ్వించు చూద్దాం అని కూర్చుంటారు. దానికి బదులు విషయంలోకి తీసుకెళ్లాలి. ఉదాహరణకి: "మన బస్టాండు మైకులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో ఎవరికైనా ఒక్కసారైనా అర్థమైందా? అర్థమయ్యేలా చెప్పే మనిషి ఇవాళ మన మధ్య ఉన్నారు." ఆ వెంటనే పేరు. పేరు చివర రావాలి, చప్పట్లు దాని మీద పడాలి.

యాంకర్ ఐటమ్ అయ్యాక అందులోని జోకునే మళ్లీ చెప్పకూడదు. చాలామంది ఇది చేస్తారు, పోయినసారి వచ్చిన నవ్వు కూడా పోతుంది.

7. రిహార్సల్ మూడు రకాలు

మొదటిది కూర్చుని చదువుకోవడం. గడియారం పెట్టి చదవండి. కాగితం మీద ఎనిమిది నిమిషాలొస్తే స్టేజీ మీద నవ్వులతో కలిపి పదకొండు అవుతుంది.

రెండోది నిలబడి, చేతిలో మైకుతో. మైకు దొరక్కపోతే టార్చి లైటు పట్టుకోండి. ఒక చేయి మైకుకే పోతుందని స్కిట్ వేసేవాళ్లకి అప్పుడే తెలుస్తుంది. కర్ర ఎత్తాలి, ఫోన్ మాట్లాడాలి, చీర సర్దుకోవాలి అని రాసుకున్నవన్నీ ఒంటి చేత్తో చేయాల్సిందే.

మూడోది సందుల రిహార్సల్. కార్యక్రమం రోజు మధ్యాహ్నం హాలులో చేయాలి. ఐటమ్ మొత్తం వేయనక్కర్లేదు. ఒక్కో ఐటమ్ చివరి రెండు వాక్యాలు, దిగడం, కుర్రాళ్లు బల్ల మార్చడం, యాంకర్ మాట, తర్వాతివాళ్లు ఎక్కడం, వాళ్ల మొదటి రెండు వాక్యాలు. ఇలా తొమ్మిది సందులూ. అరగంట పడుతుంది. నిమిషం దాటిన సందు ఏదైనా ఉంటే మళ్లీ చేయించండి. కుదరకపోతే ఆ రెండు ఐటమ్‌ల వరస మార్చండి. సమయం లేదని దీన్ని వదిలేసి స్కిట్ ఇంకోసారి వేయించుకోవాలని అందరికీ ఉంటుంది. ఒప్పుకోకండి.

8. సౌండు

మన దగ్గర చాలామంది సౌండ్ ఆపరేటర్లు పాటకచేరీలకి అలవాటుపడి మైకుకి ఎకో పెట్టే ఉంచుతారు. పాటకి అది నిండుగా ఉంటుంది. మాటకి మాత్రం ఒక మాట తోక ఇంకో మాట మీద పడి చివరి పదం అలుక్కుపోతుంది. జోకులో ముఖ్యమైనది చివరి పదమే. మాటల ఐటమ్‌లకి ఎకో పూర్తిగా తీసేయమనండి. "కొంచెం ఉంచుతాను సార్, బాగుంటుంది" అంటారు. వద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి. మిమిక్రీ కళాకారుడికి గుడి మైకు, రేడియో లాంటి చోట్ల ఎకో కావాలి. ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో చేత్తో ఏ సైగ చేస్తారో ఆపరేటర్‌తో ముందే మాట్లాడుకోమనండి.

మిమిక్రీకి వైరు మైకే ఇవ్వండి. రైలు, విమానం, తుపాను లాంటివి మైకుని పెదాలకి ఆనించి చేస్తారు. కాలర్ మైకు దానికి పనికిరాదు. కార్డ్‌లెస్ మధ్యలో తెగితే రైలు ఆగిపోయినట్టే.

స్కిట్‌కి నలుగురుండి కార్డ్‌లెస్‌లు రెండే ఉంటే, ఇద్దరిద్దరు జంటగా ఒక మైకు పంచుకునేలా స్టేజీ మీద జాగాలు నిర్ణయించండి. ఎడమవైపు జంటకి ఎర్ర టేపు మైకు, కుడివైపు జంటకి పచ్చ టేపు మైకు. ఆపరేటర్ బోర్డు మీద కూడా అవే రంగులు అంటించండి. ఏ మైకు పెంచాలో వెతుక్కోనక్కర్లేదు.

కార్డ్‌లెస్‌ల బ్యాటరీలు మొదట కొత్తవి, సభ జరుగుతున్నప్పుడు మళ్లీ కొత్తవి. మిగిలిన బ్యాటరీలు టార్చి లైటుకి పనికొస్తాయి, వృథా అనుకోకండి.

కుయ్యిమని కూత వస్తే: స్పీకర్లు మైకు కంటే ముందు ఉన్నాయా చూడండి. మైకు తలకాయని అరచేత్తో మూసి పట్టుకున్నా కూత వస్తుంది. సినిమాల్లో చూసి కుర్రాళ్లు అలా పట్టుకుంటారు, కిందికి పట్టుకోమనండి.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. ఫ్యాన్లన్నీ వేసి, ఒక మనిషిని ఆఖరి వరస మూలలో కూర్చోబెట్టండి. స్టేజీ మీద నుంచి పది అంకెల ఫోన్ నంబరు మామూలు గొంతుతో, మామూలు వేగంతో చదివించండి. వెనక మనిషి దాన్ని కాగితం మీద రాయాలి. ఒక్క అంకె తప్పినా సౌండు సరిగ్గా లేనట్టే. "వినిపిస్తోందా?" అని అడిగితే అందరూ "ఆ, వినిపిస్తోంది" అంటారు, ఆ పరీక్ష దేనికీ పనికిరాదు. జనం నిండాక శబ్దం కొంచెం తగ్గుతుంది, ఆ మేరకి పెంచుకోవాలని ఆపరేటర్‌కి చెప్పండి.

లైటు గురించి ఒక్క మాట. హాలు పూర్తిగా చీకటి చేయకండి. కళాకారుడికి ముందు వరసల మొహాలు కనపడాలి, పక్కవాళ్లు నవ్వుతుంటే పక్కవాళ్లకి కనపడాలి.

9. స్టేజీ ఎక్కేవాళ్లకి

నవ్వు వస్తుంటే ఆగండి. నవ్వు మీద మాట్లాడితే తర్వాతి వాక్యం పోతుంది, ఇంకోసారి నవ్వడానికి కూడా జనం భయపడతారు. నవ్వు సగానికి తగ్గాక అందుకోండి. పూర్తిగా ఆగేదాకా ఉంటే ఊపు పోతుంది.

నవ్వించే మాట చివర పడాలి. మనకి క్రియ చివర రావడం అలవాటు, అందుకని అసలు మాట మధ్యలో ఇరుక్కుంటుంది. "మా నాన్న పెళ్లిచూపులకి మాకు లోన్ ఇచ్చిన బ్యాంకు మేనేజర్‌ని కూడా పిలిచాడు" అని చెప్పి చూడండి, పెద్దగా నవ్వు రాదు. ఇప్పుడిలా చెప్పండి: "పెళ్లిచూపులకి మా నాన్న ఇద్దర్ని పిలిచాడు. ఒకరు పురోహితుడు. రెండోవాడు, మాకు లోన్ ఇచ్చిన బ్యాంకు మేనేజరు." స్క్రిప్టు మొత్తం ఇలా ఒకసారి వాక్యం వాక్యం తిప్పి చూసుకోండి. కొత్త జోకులు వెతుక్కోవడం కంటే దీనివల్ల వచ్చే లాభం ఎక్కువ.

మీ జోకుకి మీరే ముందు నవ్వకండి. పక్కవాడు డైలాగు మరిచిపోతే చెవిలో చెప్పకండి, పాత్రలోనే ఉండి ప్రశ్నగా అడగండి: "ఏరా, ఆ పాల ప్యాకెట్ సంగతి చెప్పవేం?" జనానికి తెలియదు.

జనంలోంచి ఎవరినైనా పిలిచేటప్పుడు ముందే ఇష్టమేనా అని కళ్లతో అడగండి. తల అడ్డంగా ఊపితే వదిలేయండి. పైకొచ్చిన మనిషిని ఏడిపించకుండా, ఆయనకి చప్పట్లు కొట్టించి పంపండి. ఒకరిని అవమానిస్తే తర్వాత ఎవరూ పైకి రారు.

10. తేడా వస్తే

కళాకారుడు రాలేదు: వరసలో తర్వాతిది ఎక్కించండి. "ఆయన దారిలో ఉన్నారు" అని మైకులో చెప్పొద్దు. మిగతా కార్యక్రమమంతా జనం తలుపు వైపే చూస్తారు.

జోకు పేలలేదు: వివరించొద్దు, "అర్థం కాలేదా?" అనొద్దు. తర్వాతి జోకుకి వెళ్లిపోండి. వరసగా మూడు పోతే ఆ ముక్క అక్కడ ఆపి, మీ దగ్గరున్న నమ్మకమైన దానికి దూకండి.

కరెంటు పోయింది: జనరేటర్ అందుకునేదాకా యాంకర్ మైకు లేకుండానే ముందుకొచ్చి గట్టిగా మాట్లాడాలి. జనం చేత చప్పట్ల తాళం వేయించే ఆట ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

తాగొచ్చినవాడు అరుస్తున్నాడు: స్టేజీ మీద నుంచి గొడవ పెట్టుకోకండి. కమిటీలో పెద్ద మనిషి ఒకరు వెళ్లి "అన్నా, ఒక్క నిమిషం బయటికి రా" అని భుజం మీద చేయి వేసి తీసుకెళ్లాలి. ఆ మనిషి ఎవరో ముందే అనుకోండి.

సమయం మించిపోతోంది: చివరి ఐటమ్‌ని కోయకండి, దాని ముందు స్కిట్ ఎత్తేయండి. ఏది ఎత్తేయాలో మధ్యాహ్నమే నిర్ణయించి వాళ్లకి చెప్పి ఉంచాలి, లేకపోతే మేకప్ వేసుకుని కూర్చున్నవాళ్లు బాధపడతారు. వచ్చేసారి వాళ్లది మొదటి ఐటమ్‌గా పెట్టండి.

11. అయ్యాక చూసుకోవలసినవి

కళాకారులకి ఇవ్వాల్సిన మిగతా డబ్బు, దారి ఖర్చులు భోజనానికి ముందే కవర్లలో పెట్టి చేతికివ్వండి. "రేపు ఫోన్‌పే చేస్తాం" అనొద్దు. రాత్రి బస్సు అందుకోవాల్సినవాళ్లకి భోజనం ప్యాక్ చేయించండి.

కార్యక్రమం సాగుతున్నంతసేపూ ఆఖరి వరసలో ఒక ఫోన్‌లో ఆడియో రికార్డు పెట్టండి. వీడియో చూస్తే మన కళ్లు స్టేజీ మీదే ఉంటాయి, ఆడియోలో నవ్వులే వినపడతాయి. మర్నాడు ప్రింటు కాగితం పక్కన పెట్టుకుని వినండి. ఎక్కడెక్కడ నవ్వు వచ్చిందో గీతలు పెట్టండి. మాటల ఐటమ్‌లో నిమిషం పాటు ఒక్క గీత కూడా లేకపోతే ఆ ముక్క కోయాలి. చప్పట్లని నవ్వుగా లెక్కపెట్టకండి, చప్పట్లు మర్యాదకి కూడా కొడతారు. వింగ్ మనిషి తన కాగితం మీద ప్రతి ఐటమ్ నిజంగా ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిందో రాసి ఉంచుతాడు. దాన్ని అనుకున్న సమయంతో పోల్చండి. ఎక్కువ తీసుకున్న ఐటమ్ ఏదో, నిమిషం దాటిన సందు ఏదో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, ఆ కాగితం ఫోటో తీసి కళాకారులందరికీ పంపండి. స్కిట్ రాసిన కుర్రాళ్లకి మాత్రం ఆడియో కూడా పంపండి, ఎక్కడ ఎక్కువ నవ్వు వచ్చిందో ముందు వాళ్లనే వినమనండి.